ఫిబ్రవరి 2 మన తేదీ

(ఒంగోలులో హైస్కూలు విద్యార్థులు, సోషల్ టీచర్ల ముందు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక గోడ పక్కన నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ పట్టాల మీద చోటుంది. మైకు చివరిదాకా వినపడుతోంది కదా, సరే.

ఇవాళ ఫిబ్రవరి 2. పొద్దున మీ బళ్ళలో ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు ‘నేటి ప్రత్యేకత’ చదివే ఉంటారు. గేటు దగ్గర ఒకబ్బాయిని ఏం చదివారని అడిగితే, "ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం అయ్యవారూ" అని టక్కున చెప్పాడు. గుర్తుపెట్టుకున్నాడు, మంచిది. మరి ఆ నేలలు ఎక్కడుంటాయిరా అంటే "ఇరాన్‌లో" అన్నాడు. ఆ నేలల్ని కాపాడుకుందామన్న ఒప్పందం జరిగింది ఇరాన్‌లో కాబట్టి వాడి చెవిన ఆ ముక్క ఒక్కటే పడింది. వాడి తప్పేమీ లేదు. ఏడాది, ఊరిపేరు చెప్పేసి మనం అక్కడే ఆపేశాం. ఫోన్‌లో ‘చరిత్రలో ఈరోజు’ అని వెతికితే బోలెడన్ని వరసలు వస్తాయి, అందులోంచి నాలుగు బోర్డు మీదికి ఎక్కుతాయి, మర్నాడు డస్టర్ పెట్టి తుడిచేసి ఇంకో నాలుగు రాస్తాం. ఏడాది పొడుగునా ఇంతే. పిల్లలకు ఏమీ మిగలట్లేదు, నా బాధంతా అదే.

కాబట్టి ఇవాళ ఈ ఒక్క తేదీనే పట్టుకుని కూర్చుందాం. ఏ తేదీ కనపడినా రెండు ప్రశ్నలు వెయ్యండి. ఈ తేదీ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అనేది ఒకటి. దీంట్లో మా ఊరికి తగిలేది ఏముంది అనేది రెండోది.

ముందు మన ఇంటి సంగతి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. ఇది మీ బోర్డుల మీద ఉందో లేదో నాకు తెలియదు, ఉండాలి. గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, నెల్లూరు జిల్లా నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు, ఇలా మూడు జిల్లాల అంచుల్లో ఉన్న తాలూకాలను తెచ్చి కలిపారు. అప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొత్తగా వచ్చిన మొదటి జిల్లా మనదే. అంచుల్లో ఉన్నవి అన్నాను కదా, ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. గిద్దలూరు రైతుకి కలెక్టరాఫీసులో పని పడితే నల్లమల దాటి నంద్యాల మీదుగా కర్నూలు పోవాలి. కనిగిరి మనిషి నెల్లూరు పోవాలి. వెళ్ళినరోజు పని కాకపోతే ఆ రాత్రి అక్కడే ఎక్కడో పడుకోవాలి. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళకి అప్పుడూ ఇప్పుడూ అదే తిప్పట. కొత్త జిల్లా వచ్చాక ఆ ఊళ్ళన్నింటికీ ఒంగోలు కేంద్రం అయింది.

అసలు ఒంగోలు అంతకుముందు కూడా ఒకచోట కుదురుగా ఉన్నది కాదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో తిరుగుతున్న మన ఒంగోలు జాతి పశువుల్ని అక్కడివాళ్ళు ఈనాటికీ నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. ఇక్కడ గీతలు మారాయన్న కబురు ఆ గిత్తలకు అందలేదు. మళ్ళీ 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన వచ్చినప్పుడు చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి పోయాయి, కందుకూరు నెల్లూరు జిల్లాలోకి పోయింది. 1970లో కలిసినవాటిలో కొన్ని యాభై రెండేళ్ళకు విడిపోయాయన్నమాట. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళలో ఇల్లు కదలకుండా రెండు మూడు జిల్లాలు మారినవాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి, రేషన్ కార్డు మీద ఏ జిల్లా ఉండేది, పొలం పాసుపుస్తకం మీద ఏం ఉండేది అని.

ఇంకో సంగతి చాలామంది పొరబడుతుంటారు. జిల్లా పుట్టినప్పుడు దాని పేరు ప్రకాశం కాదు, ఒంగోలు జిల్లా. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872 ఆగస్టు 23న మన వినోదరాయునిపాలెంలో పుట్టారు, ఆయన శతజయంతి ఏడాది 1972లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు. అంటే ఫిబ్రవరి 2కీ ప్రకాశం గారికీ నేరుగా లంకె లేదు. కానీ పక్క తేదీకి ఉంది. సైమన్ కమిషన్ మన దేశంలో అడుగుపెట్టింది 1928 ఫిబ్రవరి 3న. ఆరోజు మద్రాసులో హర్తాళ్ జరిగింది, ప్యారీస్ కార్నర్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ఒక మనిషి చనిపోయి పడి ఉన్నాడు. ఆ శవాన్ని చూడ్డానికి ప్రకాశం గారు ముందుకు వెళ్తుంటే తుపాకులు అడ్డం పెట్టారు. ఆయన చొక్కా గుండీలు విప్పి గుండె చూపించి కాల్చుకోమన్నారు. ఆంధ్రకేసరి అని మనం ఇవాళ్టికీ చెప్పుకునేది ఆ గుండెను తలుచుకునే. ఆ రోజుకీ మన జిల్లా పుట్టినరోజుకీ మధ్య ఒక్క రోజే తేడా. 1970లో ఆ గెజిట్ తయారుచేసినవాళ్ళ మనసులో ఇది ఉందని నేను అనను, అలా కలిసొచ్చింది. కానీ రెండు రోజులూ వరసగా వస్తున్నప్పుడు రెండూ కలిపి పిల్లలకు చెప్పకపోవడం మాత్రం మన బద్ధకం.

కలిసిరావడం అంటే గుర్తొచ్చింది. సరిగ్గా 1970 ఫిబ్రవరి 2నే, ఇక్కడ కొత్త జిల్లా మొదలవుతున్న రోజునే, బ్రిటన్‌లోని వేల్స్‌లో బెర్ట్రాండ్ రస్సెల్ చనిపోయారు. గణితంలో, తత్వశాస్త్రంలో పెద్ద పేరు, నోబెల్ బహుమతి వచ్చిన మనిషి. ఆయన పుట్టింది 1872 మే 18న. ప్రకాశం గారు పుట్టిన ఏడాదే, మూడు నెలలు తేడా. ఇద్దరూ ప్రభుత్వాన్ని ఎదిరించి జైలుకు పోయినవాళ్ళే. రస్సెల్ మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకిస్తూ రాసి 1918లో జైలుకు వెళ్ళారు, మళ్ళీ 1961లో అణ్వాయుధాలు వద్దన్నందుకు 89 ఏళ్ళ వయసులో ఒక వారం జైల్లో ఉన్నారు. ఇలాంటి కలయికల్లో ఏదో మహిమ ఉందనుకోకండి. ఏడాదికి ఉన్నవి 365 రోజులే, ప్రపంచంలో జరిగేవి కోట్లు, కాబట్టి ఏదో ఒకటి పక్కపక్కన పడుతుంది. నాకు ఉపయోగపడేది వేరే. 1872లో పుట్టిన ఒక కుర్రాడు ఇక్కడ కోస్తా పల్లెలో, ఇంకో కుర్రాడు అక్కడ దొరల ఇంట్లో, ఇద్దరి బతుకుల్నీ పక్కపక్కన పెట్టి చెబితే తొమ్మిదో క్లాసు పిల్లలు కదలకుండా వింటారు. నేను చెప్పి చూశాను, వింటారు.

ఇక తేదీ ఎవరు పెట్టారు అనే ప్రశ్న. పుట్టినరోజుల జాబితాలో ఫిబ్రవరి 2 కింద ఖుష్వంత్ సింగ్ అని రచయిత, పత్రికా సంపాదకుడు ఉంటారు, 1915. ఆయన పుట్టిన హదాలీ అనే పల్లె ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆ పల్లెలో ఎవరూ పుట్టిన తేదీలు రాసిపెట్టలేదు. బళ్ళో చేర్చేటప్పుడు వాళ్ళ నాన్న ఫిబ్రవరి 2 అని వేయించారు. నాయనమ్మేమో వీడు పుట్టింది ఆగస్టులో అనేదట. ఆయనే ఈ మాట రాసుకున్నారు. అంటే ప్రపంచమంతా జయంతి జరిపే తేదీ, బళ్ళో రిజిస్టరు నింపడానికి వేసిన తేదీ. ఇది మనకేమీ కొత్త కాదు. మన ఊళ్ళలో ఒక వయసు దాటినవాళ్ళ టెన్త్ సర్టిఫికెట్లు తీసి చూడండి, జూన్, జూలై ఒకటో తారీకున పుట్టినవాళ్ళు ఎంతమంది తేలతారో. బడి తెరిచిన నెల, అయ్యవారు ఒక తేదీ వేసేశారు. ఇంట్లో మాత్రం వేరే లెక్క ఉంటుంది. పౌర్ణమి ముందు పుట్టాడు అంటారు, పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు కడుపులో ఉన్నాడు అంటారు. 1977 నవంబర్ ఉప్పెనతో పిల్లల వయసులు లెక్కగట్టే అవ్వలు మన కోస్తాలో ఇప్పటికీ ఉన్నారు. ఆ లెక్కను తేలిగ్గా తీసుకోవద్దు, చాలాసార్లు సర్టిఫికెట్ కంటే అదే నిజం.

తేదీ అనేది గోడకు కొట్టిన మేకు. మేకు ఎవరు కొట్టారో చూడకుండా దానికి తగిలించిన వాటినే చూస్తే సగమే తెలుస్తుంది. మన రథసప్తమి ఒక ఏడు జనవరిలో వస్తుంది, ఇంకో ఏడు ఫిబ్రవరిలో వస్తుంది, ఎందుకంటే దాని మేకు తిథి. రష్యాలో అయితే 1918లో ఫిబ్రవరి 2 రానే లేదు. పాత క్యాలెండర్ వదిలేసి కొత్తదానికి మారడానికి జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14 అని ప్రకటించారు. మీ కెమిస్ట్రీ పుస్తకంలో ఆవర్తన పట్టిక ఉంది కదా, అది ఇచ్చిన మెండలీవ్ 1907 ఫిబ్రవరి 2న చనిపోయారని మనం రాస్తాం, ఆయన ఇంట్లో ఆ రోజు క్యాలెండర్ మీద ఉన్నది జనవరి 20. అదే రష్యాలో, 1943లో, స్టాలిన్‌గ్రాడ్‌లో మిగిలిన జర్మన్ సైన్యం లొంగిపోయింది ఫిబ్రవరి 2నే. దాదాపు 91 వేల మంది ఖైదీలుగా చిక్కారు, వాళ్ళలో తిరిగి ఇల్లు చేరినవాళ్ళు ఐదారు వేలు. రెండో ప్రపంచయుద్ధం మలుపు తిరిగింది అక్కడ. హిట్లర్ బలం విరగడం మొదలైన తేదీ ఇది, టీచర్లు దీని మీద ఒక పీరియడ్ ఖర్చుపెట్టొచ్చు.

దక్షిణాఫ్రికాలో 1990 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు డి క్లర్క్ పార్లమెంటులో లేచి, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మీద నిషేధం ఎత్తేస్తున్నాం, మండేలాను విడుదల చేస్తాం అని చెప్పాడు. మండేలా బయటికి వచ్చిన 11వ తేదీ అందరికీ గుర్తుంటుంది, ఈ తొమ్మిది రోజుల ముందు మాట గుర్తుండదు. మన దేశపు మొదటి ఆరోగ్యమంత్రి, ఢిల్లీ ఎయిమ్స్ రావడానికి కారకురాలు రాజకుమారి అమృత్ కౌర్ పుట్టినరోజు కూడా ఇవాళే. వీటి గురించి మీరే చదువుకోండి, నేను మన నీళ్ళ దగ్గరికి పోతాను.

ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డున రామ్సార్ అని ఒక ఊరుంది. 1971 ఫిబ్రవరి 2న, మన జిల్లాకు సరిగ్గా ఏడాది నిండిన రోజున, 18 దేశాలవాళ్ళు అక్కడ కూర్చుని చిత్తడి నేలల్ని కాపాడుకుందామని ఒప్పందం చేసుకున్నారు. మన దేశం 1982లో చేరింది. 1997 నుంచి ఈ తేదీని దినోత్సవంగా జరుపుతున్నారు. మన రాష్ట్రం నుంచి కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. ఆ ఒప్పందంలో చిత్తడి నేల అంటే ఏమేమి వస్తాయో చదివితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. సహజంగా ఏర్పడినవైనా, మనుషులు తవ్వినవైనా సరే. ఏడాదంతా నీళ్ళున్నా, కొన్నాళ్ళే ఉన్నా సరే. మంచినీళ్ళైనా ఉప్పునీళ్ళైనా సరే. సముద్రమైతే ఆటుపోటులో నీరు తగ్గినప్పుడు ఆరు మీటర్ల లోతు లోపల ఉన్నదంతా వస్తుంది. అంటే మీ ఊరి చెరువు వస్తుంది, వరిమడి వస్తుంది, నెల్లూరు జిల్లా ఇసకపల్లి దగ్గర ఉప్పు కొఠార్లు వస్తాయి, కృష్ణపట్నం కాలవ వస్తుంది. ఆ అబ్బాయి ఇరాన్‌లో అన్నది ఇక్కడ వాళ్ళింటి వెనకే ఉంది!

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. అందులో మన రాష్ట్రం వైపు భాగం 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ ఏడు ఆ మండలాలు తిరుపతి జిల్లాలోకి పోయాయి, పక్షులకు మాత్రం అదేమీ పట్టదు. ఈ నెలలో పోతే రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెమింగోలు నీళ్ళలో ముక్కులు తలకిందులుగా పెట్టి తింటూ కనపడతాయి. దగ్గర్లోనే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది, 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అది చూడాలి మీరు. చెరువులో సగం మునిగిన చెట్లు, ఆ చెట్ల మీద గూడబాతుల గూళ్ళు, అదే పెలికాన్‌లంటారు కదా, అవి. పులికాట్‌లో చేపలు పట్టుకొచ్చి తల్లి గూటి మీద వాలగానే పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. మెడదాకా లోపలికి పోతుంది, రెక్కలు టపటపా కొడుతుంది, చూసేవాళ్ళకి తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తుంది. కిందనేమో ఆకులన్నీ రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. ఆ రెట్ట నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు పొలాలకి పారతాయి, ఎరువు వేరే వెయ్యక్కర్లేదని అక్కడి రైతులు చెబుతారు. పక్షులు వస్తే పంట పండుతుందని నమ్మి ఆ ఊరివాళ్ళు తరతరాలుగా వాటిని కొట్టనివ్వలేదు. రామ్సార్‌లో సంతకాలు పెట్టకముందు నుంచీ జరుగుతున్న పని ఇది. నాకు దీన్ని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశం మొత్తానికి అది మొదలైంది మన తెలుగు పల్లెలో. తొలి విడత 200 జిల్లాలు, నెల్లూరు, ప్రకాశం 2007లో రెండో విడతలో వచ్చాయి. పల్లెల్లో ఇంటికి ఏడాదికి వంద రోజుల పని, అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించలేకపోతే భృతి ఇవ్వాలి, అని చట్టంలోనే రాశారు. మనవాళ్ళు దాన్ని కరువు పని అనే అన్నారు, ఎందుకంటే పాత అలవాటు. ఏ పనులు చెయ్యొచ్చో రాసిన జాబితాలో పాత చెరువుల పూడిక తియ్యడం కూడా పెట్టారు. ఇవాళ్టి తేదీ మొత్తం నాకు ఇక్కడ ఒకచోటికి వచ్చి చేరుతుంది.

ఎండాకాలం పొద్దున్నే ఎండిన చెరువులో పని జరుగుతున్నప్పుడు పోయి చూడండి. మస్టరులో పేర్లు పిలుస్తుంటారు, మగాళ్ళు గడ్డపారలతో తవ్వుతుంటారు, ఆడవాళ్ళు చుట్టకుదురు పెట్టుకుని తట్టలు కట్ట మీదికి మోస్తుంటారు. ఎంత తవ్వారో కొలవడానికి గుంట మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు. ఆ దిమ్మె పక్కన కూర్చుని చూస్తే పైన బీటలు తీసిన నల్లటి ఒండ్రు, దాని కింద సన్నటి నత్తగుల్లలు, ఇంకా కింద ఎర్రటి గట్టి నేల, వరసలు వరసలుగా కనపడతాయి. ఎన్ని వానాకాలాల మట్టి అది! ఆ ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో పొలాలకి తోలుకుంటారు. చేతుల్లో బొబ్బలు ఎక్కిన ఆ ఆడవాళ్ళు చేసింది ఇరాన్‌లో రాసుకున్న ఒప్పందంలో చెప్పిన పనే, వాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరం చెప్పాలి కదా.

కంభం చెరువు ఉంది మనకు. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్ట వేశారు, శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు. 1970 ఫిబ్రవరి 1 రాత్రి ఆ చెరువు కర్నూలు జిల్లాలో ఉంది, తెల్లారేసరికి ఒంగోలు జిల్లాలో ఉంది. ఒక్క చుక్క నీళ్ళు అటూ ఇటూ కాలేదు. జిల్లాలు మారినా, రాజ్యాలు మారినా ఆ కట్టను నిలబెట్టింది మట్టి మోసినవాళ్ళు. ‘చరిత్రలో ఈరోజు’ జాబితాల్లో వాళ్ళు ఎప్పుడూ ఉండరు, ఎందుకంటే చెరువు కట్టడం, పూడిక తియ్యడం ఒక్కరోజులో అయ్యే పని కాదు, దానికి తేదీ ఉండదు. తేదీ ఉన్నదే చరిత్ర అనుకుంటే మనకు చాలా పోతుంది.

అందుకే టీచర్లకు నాది ఒక మనవి. ప్రతి తరగతిలో ఒక లావుపాటి పుస్తకం పెట్టండి, పేజీకి ఒక తేదీ. పైన సగంలో ప్రపంచం సంగతులు, పుస్తకాల్లో సరిచూసి మరీ రాయండి, ఫోన్‌లో వచ్చిందల్లా రాయొద్దు. కింద సగం మీ ఊరికి. చెరువు కట్ట ఎప్పుడు తెగింది, ఊళ్ళోకి కరెంటు ఎప్పుడు వచ్చింది, బడి ఎప్పుడు పెట్టారు, బస్సు ఎప్పటినుంచి తిరుగుతోంది. పిల్లలు ఇళ్ళల్లో, రచ్చబండ దగ్గర అడిగి తేవాలి, ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెబితే రాయాలి. తేదీ తెలియకపోతే ఏడాది రాయండి, ఏడాదీ తెలియకపోతే ఫలానా తుఫాను తర్వాత అని రాయండి. పంచాయతీ ఆఫీసులో పాత రిజిస్టర్లు ఉంటే చూపించమని అడగండి, పిల్లలు అడిగితే కాదనరు. చదవడం రాని అవ్వలు చెప్పింది కూడా అదే పుస్తకంలో, అదే అక్షరాల్లో ఎక్కాలి.

రేపు ఫిబ్రవరి 3. రేపటి బోర్డు మీద మద్రాసులో ప్రకాశం గారి సంగతి రాయండి, ఆయన పుట్టిన వినోదరాయునిపాలెం మీ బడికి ఎంత దూరమో, ఏ రోడ్డున పోవాలో కూడా పక్కనే రాయండి. ఎవరికైనా ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, ముందు పిల్లలు, తర్వాత టీచర్లు.